కంప్యూటర్ సందేహాలు: చప్పుడు చేయని ఇన్‌స్టాలేషన్ ఎక్కడ ఆగిపోయింది?

ఈ నెల అందిన ఉత్తరాలలో ఐదు ఒకే పనికి సంబంధించినవి కావడంతో, మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాము. ప్రతి కుర్చీ దగ్గరకూ వెళ్లి 'నెక్స్ట్', 'నెక్స్ట్' అని నొక్కకుండా, కార్యాలయంలోని సిస్టమ్‌లన్నిటిలో ఒక సాఫ్ట్‌వేర్‌ను నెట్‌వర్క్ మీదుగా స్క్రిప్ట్‌తో, అంటే వరుసగా నడిచే ఆదేశాలు రాసిపెట్టిన ఫైలుతో, వేయడమే ఆ పని. దీనినే సైలెంట్ ఇన్‌స్టాల్ అంటున్నారు. ఆదేశాలను ఇక్కడ పలికే తీరులో తెలుగులోనే రాస్తున్నాము కాబట్టి టైపు చేసేటప్పుడు వాటిని ఇంగ్లిషు అక్షరాలలో కొట్టుకోవలసిందిగా మనవి.

ప్రశ్న: అయ్యా, మా కార్యాలయం హనుమకొండలో ఉంది. 34 సిస్టమ్‌లు, ఒక సర్వర్, అన్నీ ఒకే డొమైన్‌లో (సర్వర్ నుంచి ఒకేచోట అదుపు చేసే గుంపులో) ఉన్నాయి. పీడీఎఫ్ చదివే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ కోసం ఒక బ్యాచ్ ఫైలు (విండోస్ ఆదేశాల స్క్రిప్ట్) రాసి, గ్రూప్ పాలసీలో (డొమైన్‌లోని సిస్టమ్‌లకు సర్వర్ నుంచి నియమాలు పంపే ఏర్పాటులో), బూట్ అయినప్పుడు నడిచే స్టార్టప్ స్క్రిప్ట్‌గా పెట్టాను. నా సిస్టమ్‌లో దానిని డబుల్ క్లిక్ చేస్తే రెండు నిమిషాలలో పని పూర్తవుతోంది. మిగిలిన సిస్టమ్‌లలో వారం రోజులైనా ఏమీ జరగలేదు. విచిత్రం ఏమిటంటే, మా అకౌంట్స్ గదిలో యూపీఎస్ పాడైంది. అక్కడ కరెంటు పోయి వచ్చి సిస్టమ్‌లు మళ్లీ ఆన్ అయిన ప్రతిసారీ టాస్క్ మేనేజర్‌లో సీఎండీ అనే ప్రోగ్రామ్ పది నిమిషాలు కనబడి మాయమవుతోంది. సాఫ్ట్‌వేర్ మాత్రం అక్కడ కూడా పడలేదు. వైరస్ అనుకొని రెండు సిస్టమ్‌లను ఫార్మాట్ కూడా చేశాము. స్క్రిప్ట్ జతపరుస్తున్నాను. (ఒక పాఠకుడు, హనుమకొండ)

జవాబు: ఫార్మాట్ చేయకుండా ఉండవలసింది. మీరు చూసిన సీఎండీ వైరస్ కాదు, అది మీ స్క్రిప్టే. మీ ఉత్తరంలో రెండు గట్టి ఆధారాలు ఉన్నాయి, ఒకటి పది నిమిషాలు, రెండవది కరెంటు. వాటిని పట్టుకొని వెళితే మూడు వేర్వేరు తప్పులు ఒకదాని వెనుక ఒకటి దాక్కొని ఉన్నట్టు తెలుస్తుంది.

ముందుగా పది నిమిషాల సంగతి. గ్రూప్ పాలసీ ద్వారా నడిచే స్క్రిప్ట్‌లకు విండోస్ మామూలుగా ఇచ్చే గడువు 600 సెకన్లు. అప్పటికీ పూర్తి కాకపోతే వాటిని ఆపివేసి, ఈవెంట్ లాగ్‌లో తప్పుగా నమోదు చేస్తుంది. రెండు నిమిషాల పని సరిగ్గా పది నిమిషాలు ఉండి మాయమైందంటే అది నెమ్మదిగా నడుస్తోందని అనుకోకూడదు, దేనికోసమో ఎదురు చూస్తూ నిలబడిపోయిందని అనుకోవాలి. మీరు పంపిన స్క్రిప్ట్‌లో ఉన్నవి నాలుగే లైన్లు. మొదటిది ఆదేశాలను తెర మీద చూపవద్దని చెప్పే ఎకో ఆఫ్, రెండవది జెడ్ డ్రైవ్‌లోని సెటప్ ఫైలును పిలిచే లైను, మూడవది 'అయిపోయింది' అని తెర మీద చూపే లైను, నాలుగవది పాజ్. చేత్తో నడిపి చూసినప్పుడు విండో వెంటనే మూసుకుపోకుండా ఆ పాజ్ పెట్టుకొని ఉంటారు, అందరమూ పెట్టుకుంటాము. పాలసీకి ఎక్కించేటప్పుడు దానిని తీసేయడం మరిచిపోయారు. ఎవరికీ కనబడని విండోలో 'ఏదైనా కీ నొక్కండి' అని అడుగుతూ మీ స్క్రిప్ట్ పది నిమిషాలు కూర్చుంటోంది, నొక్కేవారు లేరు.

పాజ్ తీసేస్తే పది నిమిషాల ఎదురుచూపు పోతుంది కాని సాఫ్ట్‌వేర్ పడదు, ఎందుకంటే అసలు తప్పు రెండవ లైనులో ఉంది. జెడ్ డ్రైవ్ అనేది మీరు లాగిన్ అయినప్పుడు మీ పేరు మీద ఏర్పడే అడ్డదారి మాత్రమే. స్టార్టప్ స్క్రిప్ట్ నడిచే సమయానికి ఎవరూ లాగిన్ అయి ఉండరు, అది లోకల్ సిస్టమ్ అనే ఖాతాలో నడుస్తుంది, ఆ ఖాతాకు జెడ్ డ్రైవ్ అంటే ఏమిటో తెలియదు. దారి దొరకలేదని విండోస్ చెప్పింది, ఆ మాట కనబడని తెర మీద పడింది, స్క్రిప్ట్ మూడవ లైనుకు వెళ్లి 'అయిపోయింది' అని కూడా రాసుకుంది. డ్రైవ్ అక్షరానికి బదులు రెండు బ్యాక్‌స్లాష్‌లతో మొదలయ్యే పూర్తి నెట్‌వర్క్ దారిని, అంటే సర్వర్ పేరును, షేర్ పేరును, ఫోల్డర్‌ను రాయాలి. మీ స్క్రిప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా నడిపి పరీక్షించినా జెడ్ డ్రైవ్ చాలాసార్లు మాయమవుతుందని గమనించండి, సాధారణ హోదాలో కలిపిన డ్రైవ్‌లు పెంచిన హోదాకు మామూలుగా కనబడవు.

దారి సరిచేసినా అనుమతి దగ్గర ఆగవచ్చు. లోకల్ సిస్టమ్ ఖాతా డొమైన్‌లో నెట్‌వర్క్ మీదికి వెళ్లినప్పుడు ఆ కంప్యూటర్ పేరు మీదనే వెళుతుంది. మీ షేర్డ్ ఫోల్డర్‌లో ఉద్యోగుల పేర్లకు మాత్రమే అనుమతి ఇచ్చి ఉంటే కంప్యూటర్‌కు తలుపు తెరుచుకోదు. షేర్ అనుమతులలోను, ఫోల్డర్ సెక్యూరిటీలోను, రెండు చోట్లా 'డొమైన్ కంప్యూటర్స్' అనే గుంపుకు చదివే హక్కు ఇవ్వండి. ఒకచోట ఇచ్చి రెండవచోట మరిచిపోవడం చాలా మందికి జరిగేదే.

ఇక కరెంటు సంగతి, నాకు ఈ ఉత్తరంలో అన్నిటికంటే నచ్చిన భాగం. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. సాయంత్రం ఉద్యోగి షట్‌డౌన్ నొక్కినప్పుడు విండోస్ నిజంగా పూర్తిగా ఆగదు. ఉద్యోగి లాగిన్‌ను మూసి, లోపలి ముఖ్య భాగాన్ని హార్డ్‌డిస్క్ మీద దాచుకొని, మర్నాడు ఉదయం దానినే నిద్ర లేపుతుంది. కొత్తగా బూట్ కాలేదు కాబట్టి స్టార్టప్ స్క్రిప్ట్ నడిచే అవకాశమే రాదు. మీ 34 సిస్టమ్‌లలో ఎక్కువ వాటి పరిస్థితి ఇదే. అకౌంట్స్ గదిలో యూపీఎస్ లేక, కరెంటు పోయినప్పుడు సిస్టమ్‌లు ఉన్నపళంగా ఆగిపోయాయి, దాచుకునే వ్యవధి దొరకలేదు. కరెంటు వచ్చాక అవి మొదటి నుంచి బూట్ అయ్యాయి, అందువల్ల ఆ గదిలో మాత్రమే మీ స్క్రిప్ట్ కనీసం మొదలైంది. స్టార్ట్ మెనూలో షట్‌డౌన్‌కు బదులు రీస్టార్ట్ నొక్కినా ఇదే ఫలితం వస్తుంది. సిస్టమ్ పనిచేయకపోతే 'ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి' అని చెప్పే అలవాటును ఈ కారణంగానే 'రీస్టార్ట్ చేయండి' అని మార్చుకోవాలి. శాశ్వత పరిష్కారంగా పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ హెచ్ ఆఫ్ అనే ఆదేశంతో హైబర్నేషన్‌ను (పనిని డిస్క్ మీద దాచి ఆగే ఏర్పాటును), దానితోపాటు ఫాస్ట్ స్టార్టప్‌ను తీసేయవచ్చు. డెస్క్‌టాప్‌లకు ఇది ఏ నష్టమూ చేయదు. ల్యాప్‌టాప్‌లలో మాత్రం బ్యాటరీ అడుగంటినప్పుడు హైబర్నేషన్ పనికివస్తుంది కాబట్టి ఆలోచించి చేయండి.

ఈ మూడూ సరిచేశాక, పాలసీలో పెట్టక ముందే ఒక సిస్టమ్‌లో లోకల్ సిస్టమ్ ఖాతాగా మారి పరీక్షించండి. మార్క్ రుసినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ 1996లో ప్రారంభించగా 2006లో మైక్రోసాఫ్ట్ చేతికి వచ్చిన సిస్‌ఇంటర్నల్స్ ఉపకరణాలలో పీఎస్‌ఎగ్జెక్ ఒకటి. ఉచితంగా దొరుకుతుంది. అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో పీఎస్‌ఎగ్జెక్ అని, పక్కన హైఫన్ ఎస్, హైఫన్ ఐ, ఆపైన సీఎండీ అని కొడితే మరో నల్ల విండో తెరుచుకుంటుంది. అందులో హూ యామ్ ఐ అని మూడు మాటలూ కలిపి కొట్టండి, మీ పేరుకు బదులు ఎన్‌టీ అథారిటీ, సిస్టమ్ అని వస్తుంది. జెడ్ అని, పక్కన కోలన్ పెట్టి ఎంటర్ నొక్కండి, ఆ డ్రైవ్ లేదని చెబుతుంది. వారం రోజులుగా మీ స్క్రిప్ట్‌కు ఎదురైనది ఇదే. ఇక్కడ నడిచిన స్క్రిప్ట్ స్టార్టప్‌లో కూడా దాదాపుగా నడుస్తుంది. మీ డబుల్ క్లిక్ పరీక్షకు ఆ విలువ లేదు, అది మీ పేరుతో, మీ డ్రైవ్‌లతో, మీ కళ్ల ముందు నడిచిన పరీక్ష.

సర్వర్‌ను పేరుతో కాక ఐపీ అంకెలతో పిలిస్తే విండోస్ దానిని బయటి ఇంటర్నెట్ చోటుగా భావించి 'ఈ ఫైలును తెరవమంటారా' అని అడిగే ప్రమాదం ఉంది. ఆ అడగడం కూడా కనబడని విండోలోనే జరుగుతుంది. ఇంటర్నెట్ నుంచి దించిన సెటప్ ఫైలుకు బయటి నుంచి వచ్చినదన్న గుర్తు అంటుకునే ఉంటుంది కాబట్టి, సర్వర్‌లో పెట్టే ముందు ప్రాపర్టీస్‌లో 'అన్‌బ్లాక్' గడిలో టిక్ పెట్టండి. స్టార్టప్ స్క్రిప్ట్ ప్రతి బూట్‌కూ నడుస్తుంది కాబట్టి, సాఫ్ట్‌వేర్ ఇప్పటికే ఉంటే వెనక్కి తిరిగే లైను ఒకటి మొదట్లోనే పెట్టడం మరవకండి.

ప్రశ్న: జమ్మికుంట దగ్గర పత్తి జిన్నింగ్ మిల్లు కార్యాలయంలో నేను కంప్యూటర్ల పని చూస్తాను. 9 సిస్టమ్‌లు, డొమైన్ లేదు, వర్క్‌గ్రూపే (సర్వర్ అదుపు లేకుండా ఏ సిస్టమ్‌కు ఆ సిస్టమే). లెక్కల సాఫ్ట్‌వేర్‌కు కొత్త ప్యాచ్ వేసే స్క్రిప్ట్ రాశాను. 'ఇఫ్ ఎర్రర్‌లెవెల్ 1' అనే లైనుతో, ఎర్రర్ వస్తే 'ఫెయిల్' అని, లేకపోతే 'ఓకే' అని ఒక ఫైలులో రాసేలా పెట్టాను. 9లో 6 ఫెయిల్ అని వచ్చాయి. తెరిచి చూస్తే ఆరింటిలోనూ కొత్త వెర్షనే ఉంది. అనుమానంతో మళ్లీ వేశాను, మళ్లీ ఫెయిల్. సీజన్‌లో లారీలు గేటు బయట నిలబడి ఉంటే బిల్లులు ఆపి మూడుసార్లు ఇన్‌స్టాల్ చేయించినందుకు మా సేటు చాలా కోప్పడ్డారు. (ఒక పాఠకుడు, జమ్మికుంట)

జవాబు: ప్యాచ్ సరిగానే పడింది, మీ స్క్రిప్ట్ దానిని తప్పుగా చదివింది. ఇన్‌స్టాలర్ పని ముగించేటప్పుడు ఒక అంకెను వదిలి వెళుతుంది, దానిని ఎగ్జిట్ కోడ్ అంటారు. 0 అంటే విజయం. 3010 అంటే కూడా విజయమే, కాకపోతే పని పూర్తి కావడానికి ఒకసారి రీస్టార్ట్ కావాలని అర్థం. 1641 అంటే విజయం, రీస్టార్ట్ కూడా ఇన్‌స్టాలరే మొదలుపెట్టింది. మీ స్క్రిప్ట్‌లో ఉన్నది 'ఇఫ్ ఎర్రర్‌లెవెల్ 1' అనే లైను. దీనిని చాలా మంది 'ఎర్రర్‌లెవెల్ 1 అయితే' అని చదువుకుంటారు కాని, బ్యాచ్ భాషలో దాని అర్థం '1 గాని అంతకంటే ఎక్కువ గాని అయితే' అని. 3010 ఒకటి కంటే ఎక్కువే కాబట్టి విజయం కాస్తా ఫెయిల్‌గా నమోదైంది. ఆ ఆరు సిస్టమ్‌లలో ప్యాచ్ వేసే సమయానికి లెక్కల సాఫ్ట్‌వేర్ తెరిచి ఉండవచ్చు. వాడుకలో ఉన్న ఫైళ్లను అప్పటికప్పుడు మార్చలేక, రీస్టార్ట్‌కు వాయిదా వేయడం 3010 రావడానికి మామూలు కారణం. సాయంత్రం కాటా మూశాక అన్నిటినీ రీస్టార్ట్ చేయిస్తే చాలు.

కాబట్టి మీ ఫైలులో 'ఫెయిల్', 'ఓకే' అనే రెండు మాటలకు బదులు అంకెనే రాయించండి. పక్కన కంప్యూటర్ పేరు, తేదీ, సమయం కూడా ఉంటే మర్నాడు తీరికగా చూసుకోవచ్చు. అంకె 1618 అయితే అదే సమయంలో మరో ఇన్‌స్టాలేషన్ నడుస్తోందని అర్థం, పది నిమిషాలు ఆగి మళ్లీ ప్రయత్నించేలా రాసుకుంటే సరిపోతుంది. 1619 అయితే ప్యాకేజీ ఫైలును తెరవలేకపోయింది, దారో అనుమతో తప్పు. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. బ్యాచ్ ఫైలులో కుండలీకరణాల మధ్య రాసిన లైన్లలో పర్సెంట్ గుర్తుల నడుమ ఎర్రర్‌లెవెల్ అని రాస్తే, ఆ విలువ ఇన్‌స్టాల్ అయ్యాక వచ్చినది కాదు. కుండలీకరణం మొదలైనప్పుడే మొత్తం చదివేస్తుంది కాబట్టి, అప్పటికి ఉన్న పాత విలువే పడుతుంది. ఇన్‌స్టాల్ చేసే లైనును, అంకెను రాసే లైనును కుండలీకరణాల బయట పెట్టడం సులువైన మార్గం.

అన్నిటికంటే చికాకు పెట్టేది 1603. 'ఏదో ఘోరమైన తప్పు జరిగింది' అని తప్ప అది ఏమీ చెప్పదు. ఇంటర్నెట్‌లో ఆ అంకెను వెతికితే వంద సలహాలు దొరుకుతాయి, అందులో తొంభై వేరొకరి సిస్టమ్‌కు సంబంధించినవి. ఎంఎస్‌ఐ ప్యాకేజీ (విండోస్ సొంత ఇన్‌స్టాలర్ నడిపే రకం) అయితే దాని సొంత లాగ్‌ను అడగండి. ఎంఎస్‌ఐఎగ్జెక్ ఆదేశానికి చివర స్లాష్ ఎల్, నక్షత్రం గుర్తు, వీ అని చేర్చి, పక్కన సీ డ్రైవ్‌లో ఒక ఫైలు పేరు ఇస్తే జరిగినదంతా అందులో రాస్తుంది. వేల లైన్లు ఉంటాయి, చదవనవసరం లేదు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి 'రిటర్న్ వాల్యూ 3' అనే మాటను వెతకండి, మొదటిసారి అది కనబడిన చోటుకు పైన ఉన్న పది ఇరవై లైన్లలోనే సాధారణంగా అసలు కారణం దొరుకుతుంది. కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక కార్యాలయంలో మూడు సిస్టమ్‌లు ఇలాగే 1603 చూపిస్తే, రెండు రోజులు రిజిస్ట్రీని (విండోస్ తన సెట్టింగులను దాచుకునే చోటును) తవ్విన తర్వాత లాగ్ తెరిచాను. సీ డ్రైవ్‌లో చోటు చాలడం లేదని రాసి ఉంది. మూడు సిస్టమ్‌లనూ వాడేది ఒకే విభాగం వారు, ఒక పెళ్లి వీడియోను ముగ్గురూ డెస్క్‌టాప్ మీద దాచుకున్నారు. విండో కనబడే మామూలు ఇన్‌స్టాల్ అయితే 'చోటు లేదు' అని మొదటి తెర మీదే చెప్పేది.

ప్రశ్న: కరీంనగర్‌లో మా కాలేజీ ల్యాబ్‌లో ఒక సాఫ్ట్‌వేర్‌కు 'సెటప్ స్లాష్ ఎస్' అని ఇస్తే చక్కగా, చప్పుడు లేకుండా పడింది. మరొక దానికి అదే ఇస్తే షెడ్యూల్ చేసిన టాస్క్ 'రన్నింగ్' అని చూపిస్తూ రాత్రంతా అలాగే ఉంది. స్విచ్ అందరికీ ఒకటి కాదా? (ఒక ల్యాబ్ అసిస్టెంట్, కరీంనగర్)

జవాబు: కాదమ్మా. (స్విచ్ అనగానే ర్యాక్‌లో ఉండే నెట్‌వర్క్ పెట్టె గుర్తుకు వచ్చేవారి కోసం చెబుతున్నాను, ఇక్కడ స్విచ్ అంటే ఆదేశానికి చివర తగిలించే సూచన.) సెటప్ ఫైళ్లు బయటికి ఒకేలా కనబడినా వాటిని తయారుచేసే పనిముట్లు వేర్వేరు, ఒక్కొక్కదాని స్విచ్‌లు ఒక్కో రకం. ఎంఎస్‌ఐ అయితే స్లాష్ క్యూ ఎన్, దానితో నోరీస్టార్ట్. ఇన్నో సెటప్‌తో చేసినదైతే స్లాష్ వెరీసైలెంట్, దానితో సప్రెస్ఎంఎస్‌జీబాక్సెస్. ఎన్‌ఎస్‌ఐఎస్‌తో చేసినదైతే స్లాష్ ఎస్, అందులో ఎస్ పెద్దక్షరమే కావాలి, చిన్నక్షరం ఇస్తే పట్టించుకోదు. ఇన్‌స్టాల్‌షీల్డ్ పాత పద్ధతిలో చేసినదైతే చిన్న ఎస్ ఒక్కటే చాలదు. ముందుగా ఒక సిస్టమ్‌లో స్లాష్ ఆర్ అని ఇచ్చి, ప్రశ్నలన్నిటికీ చేత్తో జవాబులు చెబితే అది వాటిని సెటప్ డాట్ ఐఎస్‌ఎస్ అనే ఫైలులో రాసుకుంటుంది. మిగిలిన సిస్టమ్‌లలో ఆ ఫైలును చూసి రాస్తుంది. అక్కడ సెటప్ డాట్ లాగ్ అనే ఫైలులో రిజల్ట్‌కోడ్ 0 అని ఉంటే విజయం, మైనస్ 3 అని ఉంటే జవాబుల ఫైలులో కావలసిన సమాచారం లేదని అర్థం. పనిముట్టు ఏదో తెలియకపోతే కమాండ్ ప్రాంప్ట్‌లో సెటప్ పేరు, పక్కన స్లాష్, ప్రశ్నార్థకం గుర్తు కొట్టి చూడండి. చాలా సెటప్‌లు తమ స్విచ్‌ల జాబితాను చూపిస్తాయి.

మీ రెండవ సెటప్ తనకు తెలియని స్విచ్‌ను పక్కన పెట్టి మామూలు విండోను తెరిచిందని నా అంచనా. అది మీకు కనబడకపోవడానికి కారణం ఉంది. 2007లో వచ్చిన విండోస్ విస్టా నుంచి సర్వీసులు, ఎవరూ లాగిన్ కాకపోయినా నడిచేలా పెట్టిన టాస్క్‌లు సెషన్ 0 అనే వేరే గదిలో నడుస్తాయి, ఆ గదిలో తెరుచుకున్న విండో మీ తెర మీదికి రాదు. 'నేను ఒప్పుకుంటున్నాను' అనే గడిలో టిక్ పెట్టమని ఆ సెటప్ రాత్రంతా ఖాళీ గదిని అడుగుతూ ఉంది. టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ ట్యాబ్ తెరిచి, కాలమ్ శీర్షికల మీద రైట్ క్లిక్ చేసి 'సెషన్ ఐడీ' కాలమ్‌ను కలుపుకోండి. మీ సెటప్ ఎదురుగా సెషన్ 0 అని, సీపీయూ కూడా 0 అని చాలాసేపు ఉంటే అది పని చేయడం లేదు, జవాబు కోసం కూర్చుంది. ఆపేసి, సరైన స్విచ్‌ను ఒక సిస్టమ్‌లో కళ్ల ముందు నడిపి, ఒక్క విండో కూడా రాదని రూఢి చేసుకొన్నాకే టాస్క్‌లో పెట్టండి. ల్యాబ్‌లో ల్యాప్‌టాప్‌లు కూడా ఉంటే ఇంకొక సంగతి, టాస్క్ షెడ్యూలర్ మామూలుగా బ్యాటరీ మీద ఉన్నప్పుడు టాస్క్‌ను మొదలుపెట్టదు.

ప్రశ్న: మంచిర్యాలలోని మా కార్యాలయంలో ఏ సిస్టమ్‌లో ఏ సాఫ్ట్‌వేర్ ఉందో తెలుసుకోవడానికి ప్రతి సోమవారం ఉదయం ఒక స్క్రిప్ట్ నడుపుతున్నాము. ఆ ఒక్క రోజు 10 గంటల నుంచి సిస్టమ్‌లన్నీ మొరాయిస్తున్నాయి. ఈవెంట్ లాగ్ నిండా ఎంఎస్‌ఐ ఇన్‌స్టాలర్ పేరుతో 1035 అనే నమోదులే. ఇన్‌స్టాల్ చేయకుండానే ఇన్‌స్టాలర్ ఎందుకు నడుస్తోంది? (ఒక పాఠకురాలు, మంచిర్యాల)

జవాబు: మీ స్క్రిప్ట్‌లో డబ్ల్యూఎంఐసీ ప్రోడక్ట్ అనే మాట గాని, విన్32 అండర్‌స్కోర్ ప్రోడక్ట్ అనే మాట గాని ఉందేమో చూడండి, తప్పకుండా ఉంటుంది. ఇది జాబితా అడిగినట్టు కనబడుతుంది కాని, ఆ జాబితా ఇచ్చే క్రమంలో విండోస్ ఇన్‌స్టాలర్ ద్వారా పడిన ప్రతి సాఫ్ట్‌వేర్‌నూ తెరిచి, దాని భాగాలు సరిగా ఉన్నాయా అని తనిఖీ చేస్తుంది. తేడా కనబడితే బాగుచేయడం కూడా మొదలుపెడుతుంది. ఆ 1035 నమోదులు ఈ తనిఖీవే. బీరువాలో ఏమున్నాయో అడిగితే చీరలన్నీ మడత విప్పి, దులిపి, మళ్లీ మడతపెట్టి లెక్క చెప్పినట్టు. పైగా అది ఎంఎస్‌ఐ పద్ధతిలో పడినవాటినే చూపుతుంది, కరీంనగర్ సోదరికి చెప్పిన ఇన్నో, ఎన్‌ఎస్‌ఐఎస్ వంటివి అందులో ఉండవు. విండోస్ 11 కొత్త వెర్షన్లలో డబ్ల్యూఎంఐసీ ముందుగా ఉండటం లేదు కాబట్టి ఎలాగూ మార్చుకోక తప్పదు.

దానికి బదులు రిజిస్ట్రీలో హెచ్‌కీ లోకల్ మెషిన్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్‌వెర్షన్, అన్‌ఇన్‌స్టాల్ అనే చోటును చదివించండి, క్షణాలలో జాబితా వస్తుంది. 64 బిట్ విండోస్‌లో ఈ చోటు రెండుగా ఉంటుంది, 32 బిట్ సాఫ్ట్‌వేర్ల వివరాలు సాఫ్ట్‌వేర్ కింద వావ్6432నోడ్ అనే శాఖలో విడిగా ఉంటాయి. ఒక్కదానినే చదివే స్క్రిప్ట్ సగం జాబితానే ఇస్తుంది. 'ఇప్పటికే ఉందా' అని చూసే లైను సరైన చోట చూడకపోతే, ఉన్న సాఫ్ట్‌వేర్‌నే ప్రతి ఉదయం మళ్లీ మళ్లీ వేయడానికి ఇదే కారణమవుతుంది.

ప్రశ్న: స్నేహితుడు వాట్సాప్‌లో పంపిన స్క్రిప్ట్‌ను వర్డ్‌లో పెట్టి మా దారులకు తగినట్టు మార్చుకున్నాను. అక్షరం పొల్లుపోకుండా అతనిదే అయినా, నా దగ్గర మొదటి లైను నుంచే తప్పులు, అందులో ఎకోకు ముందు మూడు వింత అక్షరాలు కనబడుతున్నాయి. సర్వర్‌లో సెటప్ ఉన్న ఫోల్డర్ పేరు 'కొత్త సాఫ్ట్‌వేర్లు'. స్క్రిప్ట్ జతపరుస్తున్నాను. అతని దగ్గర నడుస్తోంది. (ఒక పాఠకుడు, ములుగు)

జవాబు: పొల్లుపోయినవి అక్షరాలు కావు, గుర్తులు. వర్డ్ నిటారుగా ఉండే కొటేషన్ గుర్తులను వంకర గుర్తులుగాను, హైఫన్‌ను కొన్ని సందర్భాలలో పొడవు గీతగాను తనంతట తాను మారుస్తుంది. అచ్చుకు అవి అందంగా ఉంటాయి, కమాండ్ ప్రాంప్ట్‌కు మాత్రం పరాయి అక్షరాలు. స్క్రిప్ట్‌లను నోట్‌ప్యాడ్‌లో తప్ప మార్చకండి. కొటేషన్ల సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను, మీ ఐదవ లైనులో స్టార్ట్ అనే ఆదేశం పక్కనే కొటేషన్లలో సెటప్ దారిని ఇచ్చారు. స్టార్ట్ తన పక్కన కొటేషన్లలో వచ్చిన మొదటి మాటను విండో పేరుగా తీసుకుంటుంది కాబట్టి సెటప్ నడవదు, ఖాళీ నల్ల విండో ఒకటి తెరుచుకుంటుంది. దారికి ముందు ఒక జత ఖాళీ కొటేషన్లు పెట్టండి.

మొదటి లైనులోనే, ఎకో అనే మాటకు ముందు మూడు వింత అక్షరాలు కనబడుతున్నాయని రాశారు. ఫైలును సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైలులో దాచే పద్ధతి) 'యూటీఎఫ్-8 విత్ బామ్' అని ఎంచుకొని ఉంటారు. ఆ మూడూ ఫైలు మొదట్లో చేరే గుర్తులు, వాటిని ఆదేశంలో భాగమనుకొని కమాండ్ ప్రాంప్ట్ తికమకపడుతుంది. 'ఏఎన్‌ఎస్‌ఐ' అని ఎంచుకొని మళ్లీ సేవ్ చేయండి. సర్వర్‌లో ఆ ఫోల్డర్ పేరు తెలుగులో 'కొత్త సాఫ్ట్‌వేర్లు' అని ఉందన్నారు, తెలుగు మీద మీకున్న అభిమానం నాకూ ఉంది కాని ఏఎన్‌ఎస్‌ఐలో ఆ పేరు ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది. ఆ ఒక్క ఫోల్డర్‌కు, ఖాళీలు లేని ఇంగ్లిషు పేరు పెట్టండి.